పేర్లు లేని పతకం

గోడ దూకిన బసవంతుడు తిన్నగా నీళ్ళతొట్టిలో పడ్డాడు.

మంచినీళ్ళ తొట్టి అయినా బాగుండేది. అది నార తీయడానికి అవిసె కట్టలు నానబెట్టిన తొట్టి. ఒకటే కంపు. తలమీంచి కారుతున్న పసరు తుడుచుకొంటూ లేచేసరికి, ఎదురుగా ఒక స్త్రీ పొడవాటి కర్ర పట్టుకొని నిలబడి ఉంది.

"ఎవడ్రా నువ్వు? పట్టపగలు గోడలు దూకుతున్నావు?"

"అరవకక్కా, నీకు పుణ్యముంటుంది. ఊర్ణనాభుడి భటులు నా వెంటపడ్డారు."

ఆ పేరు వినగానే ఆమె ముఖం మారిపోయింది. మరో మాట అడగలేదు. కర్రతో అతని తలను తొట్టి అంచు కిందికి నొక్కేసి, పైన తడి అవిసె కట్టలు అడ్డం పడేసింది. మరుక్షణమే తలుపు భళ్ళున తెరుచుకొంది. నల్లకవచాల భటులు పెరట్లోకి చొరబడ్డారు.

"ఇటు ఒకడు వచ్చాడా? గాజులమ్మేవాడి వేషంలో ఉన్నాడు."

"గాజులమ్మేవాడు వస్తే వాడలో ఆడవాళ్ళం ఇంత చప్పుడు లేకుండా ఉంటామా?" అందామె కట్టలు కలియబెడుతూ. "కావాలంటే తొట్టిలో దిగి వెతుక్కోండి. ఈ కంపు వదలడానికి వారం పడుతుంది మరి."

భటులు ముక్కులు మూసుకొని వెనక్కి తగ్గారు. వాళ్ళ నాయకుడు మాత్రం గడప దగ్గర ఆగాడు. "మీ తాతకు చెప్పు. పొద్దు వాలకముందే కొలువుకు రావాలి. ప్రభువులు ధరించిన వస్త్రాలు మీ పూర్వుల గుడిలో ప్రధానయాజకుడు కట్టినవేనని అందరి ముందూ సాక్ష్యమివ్వాలి. ఇవ్వకపోతే ఈ వాడలో ఒక్క ఇంటికీ కప్పు మిగలదు."

వాళ్ళ అడుగుల చప్పుడు దూరమయ్యాక గాని బసవంతుడు తల పైకెత్తలేదు.

వెలిముత్యం రేవుపట్టణానికి ఆ ఏడాది రోజులు బాగాలేవు. శంఖమాల రాజ్యానికి అది రాజధాని. దాన్నేలే సముద్రసేన మహారాజు ఒకనాడు పడవ ఎక్కి ముత్యపుచిప్పల తీరానికి వెళ్తూ నడిసముద్రంలో మాయమయ్యాడు. శవమైనా దొరకలేదు. అంతకుముందు జోస్యుడినంటూ కొలువులో చేరిన ఊర్ణనాభుడు, రాజు లేని సింహాసనం పక్కనే మరో ఆసనం వేయించుకొన్నాడు. తరవాత రెండింటినీ కలిపేశాడు. వాడు మాంత్రికుడని ఊరంతటికీ తెలుసు. నోరెత్తిన వాడు మర్నాటికి కనిపించడు గనక ఎవరూ అనరు. ఈమధ్య వాడు వింత వస్త్రాలు కట్టి తీర్పులు చెప్పడం మొదలుపెట్టాడు. రొమ్ముమీద పన్నెండు రాళ్ళ పతకం. పతకం ఎవరి ముందు మెరిస్తే వాళ్ళే దోషులు. ఆ వేళ సభలో నిలబడబోయేది రాకుమారి మేఘావళి. తండ్రి పడవకు చిల్లు పొడిపించింది ఆమేనని వాడి అభియోగం. పతకం మెరిస్తే ఆమెను కొండకొమ్మునుంచి సముద్రంలోకి తోస్తారు.

బసవంతుడు పగటివేషగాడు. తండ్రి వీరన్న చేత ముఖానికి అర్దళపు రంగు పూయించుకొంటూ పెరిగాడు. సముద్రసేన మహారాజుకు వీరన్న వేషాలంటే చెవి కోసుకొనేంత ఇష్టం. వీరన్న కన్నుమూసిన రోజున రాజు నడిచి వచ్చి, వద్దన్నా వినకుండా పాడెకు ఒక భుజం పట్టాడు. ఆ దృశ్యం బసవంతుడి కళ్ళముందునుంచి ఇప్పటికీ చెదరలేదు. ఆ రాజు కూతురు చావబోతుంటే చూస్తూ ఊరుకోవడం అతనివల్ల కాలేదు. పొద్దున గాజులవాడి వేషంలో కోటలో దూరబోయి పట్టుబడ్డాడు. తప్పించుకొని, ఇదిగో, ఈ తొట్టిలో తేలాడు.

"ఇది యూదుల వాడ కదూ?" అన్నాడు అతను బయటికి వస్తూ.

"అవును. నా పేరు సిప్పోరా. ముందు ఒళ్ళు కడుక్కో, తరవాత మాట్లాడుదువు గాని."

"మీ తాతను చూడాలక్కా. ఇప్పుడే చూడాలి."

ఈతామారు వసారా అరుగుమీద కూర్చొని ఉన్నాడు. వాడకు పెద్ద. తలమీద తెల్లపాగా, రొమ్ముదాకా జారిన గడ్డం, పాదాలు నేలకు ఆనీ ఆననట్టు. భటుడి మాటలన్నీ ఆయన విన్నాడని ఆ కళ్ళే చెబుతున్నాయి. బసవంతుడు నమస్కరించి, తానెవరో చెప్పి, ఉపోద్ఘాతం లేకుండా అడిగేశాడు.

"తాతా, నీ వేషం నాకియ్యి."

"నేనేం వేషం కట్టాను నాయనా, నీకివ్వడానికి?"

"ఈ పూట కోటలోకి ఎవరూ ఆపకుండా వెళ్ళగలిగేవాడివి నువ్వొక్కడివే. నీలా నేను వెళ్తాను. సాక్ష్యం చెప్పే నెపంతో రాకుమారి దగ్గరికి చేరితే చాలు, మిగతాది నేను చూసుకొంటాను. ఈలోగా మీరంతా పడవలెక్కి వెళ్ళిపోండి."

సిప్పోరా వెంటనే అందుకొంది. "అతను చెప్పింది బాగుంది తాతా. నువ్వు వెళ్తే అబద్ధమాడవు. నిజం చెబితే తిరిగి రావు."

ముసలాయన గడ్డం నిమురుకొన్నాడు. ఆయన బాధ బసవంతుడికి అర్థమైంది. ఆ వస్త్రాలు తమవేనంటే ఒక ఆడపిల్ల ప్రాణం పోతుంది. కాదంటే వాడంతా బూడిద.

"మా యాజకుల వస్త్రాలు అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి కాను," అన్నాడు చివరికి. "ఇద్దామన్నా లేవు. ఎప్పుడో మా పూర్వుల దేశంలో మా గుడి కాలిన రోజే పోయాయి. నా చొక్కా, నా పాగా కావాలంటే తీసుకో. కాని నాలా మాట్లాడాలంటే నేనెరిగింది నువ్వూ ఎరగాలి. ఊర్ణనాభుడు ప్రశ్నలు వేస్తాడు. లేచి నిలబడు."

బసవంతుడు నిలబడ్డాడు. ముసలాయన అతని చుట్టూ ఒకసారి తిరిగి, చేతిని అతని భుజంమీద వేశాడు.

"మా తాత నన్ను ఇలాగే నిలబెట్టేవాడు. బట్టలేవీ ఉండేవి కావు. వట్టి ఒంటిమీద చోట్లు తాకుతూ చెప్పేవాడు. మా తాతకు వాళ్ళ తాత. పొద్దున్నే, కల్లంలో అవిసె ఎండుతూ ఉంటే, ఆ వాసనలో చెప్పేవాడు. చూడు, ఈ రెండు భుజాలమీద రెండు రాళ్ళు. వాటిమీద మా పన్నెండు గోత్రాల పేర్లు, ఇటు ఆరు, అటు ఆరు. ఇక్కడ, గుండెమీద పతకం. దానిలో పన్నెండు రాళ్ళు, రాయికొక పేరు. దేవుని ముందుకు వెళ్ళేటప్పుడు యాజకుడు ఒక్కడే వెళ్ళేవాడు కాదన్నమాట. అందరినీ మోసుకొని వెళ్ళేవాడు. భుజంమీద మోసేది బరువు. గుండెమీద మోసేది బెంగ. రెండూ ఉంటేనే వాడు యాజకుడు."

బసవంతుడి చూపు ఎటో వెళ్ళిపోయింది. పాడె కింద వంగిన రాజు భుజం కళ్ళముందు మెదిలింది. అంతలోనే మరో సంగతి తట్టి ఉలిక్కిపడ్డాడు.

"తాతా, ఈ పట్టణంతో కలిపి మన తీరాన ఊళ్ళూ పన్నెండే! ప్రతి ఊళ్ళోనూ పడవలు కట్టే చోట ఒక రంగురాయి ఉండేది. దానిమీద ఊరిపేరు. ఊర్ణనాభుడు వచ్చిన ఏడే అవన్నీ మాయమయ్యాయి."

"వాడి పతకంమీద పేర్లున్నాయా?"

"దూరంనుంచి చూశాను. అద్దంలా నున్నగా ఉన్నాయి రాళ్ళు."

"గీకేసి ఉంటాడు." అన్నాడు ఈతామారు. "పేరు మోయడం అలవాటైన రాయి మరిచిపోదు నాయనా. పేరు పెట్టి పిలిచేదాకా ఊరుకొంటుంది, అంతే. ఊఁ, తల వంచు. ఇది పాగా. గర్వానికి ప్రాయశ్చిత్తం. ఎత్తున నిలిచే పాపానికి ఎత్తున కట్టే బట్ట. నుదుట బంగారు రేకు. సిగ్గు లేనితనం ముందుగా నుదుటిమీదే కనిపిస్తుంది గనక దానికి అది. నడుముకు దట్టీ, చుట్టుకు చుట్టు, గుండెలదాకా చుట్టేవారు. మనసులో పుట్టే చెడ్డ ఊహలకు. పొడవాటి చొక్కా రక్తపాతానికి. ఎందుకో చెప్పనా?"

"చెప్పు."

"మా పూర్వుల్లో ఒకణ్ణి అన్నలే గోతిలో తోసి అమ్మేశారు. వాడి చొక్కాను మేకరక్తంలో ముంచి తండ్రికి చూపించారు. ఆ చొక్కా మచ్చ మా అందరిమీదా ఉంది. ఇక నిలువుటంగీ. అది మొత్తం నీలం. సముద్రంలాంటి నీలం. సముద్రాన్ని చూస్తే ఆకాశం, ఆకాశాన్ని చూస్తే దేవుని పీఠం గుర్తుకు రావాలని. అంచున దానిమ్మకాయ పక్కన బంగారు గంట, మళ్ళీ దానిమ్మకాయ, మళ్ళీ గంట. నడుస్తుంటే మోగేది. దేవుని గడప దొంగలా తొక్కకూడదని కొందరంటారు. మా తాత మరో మాట చెప్పేవాడు. చాటుగా చేసే నిందలకు అది ప్రాయశ్చిత్తమట. నోటి చప్పుడుతో చేసిన పాపాన్ని చప్పుడే తుడవాలట."

"ఊర్ణనాభుడి అంగీకి గంటలు లేవు," అన్నాడు బసవంతుడు. "వాడు పక్కకు వచ్చి నిలబడ్డా తెలీదు."

"లేకపోవడమే మేలు. ఆ గంటలకు పాపం, సిగ్గేస్తుంది."

ముసలాయన నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకొన్నాడు. బసవంతుడు ఆగలేక అడిగాడు.

"ఆ గుడిని నువ్వు చూడలేదు. మీ తాతా చూడలేదు. చూడని ఊరిమీద ఇంత బెంగ ఎలా తాతా?"

"నువ్వు హనుమంతుడి వేషం కడతావు గదా. లంకను చూసి వచ్చావా?" అన్నాడు ఈతామారు. "మా ఇంట్లో పండగొచ్చినా పస్తొచ్చినా ఆ ఊరి మాటే. యాజకులు కట్టి చిరిగిన బట్టల్ని పారేసేవారు కాదట. చింపి వత్తులు చేసి పెద్ద పెద్ద దీపస్తంభాల్లో వెలిగించేవారట. ఆ వెలుగులో ఊళ్ళో ఆడవాళ్ళు పెరట్లో కూర్చొని గోధుమలు బాగుచేసుకొనేవారట. మా అమ్మ ఇక్కడ, ఈ వసారాలో, బియ్యంలో రాళ్ళేరుతూ ఆ మాట చెప్పేది. ఏ ఊళ్ళో ఉన్నామో ఆమె మరిచిపోయేది. నేనూ మరిచిపోయేవాణ్ణి."

బసవంతుడికి తన తండ్రి గుర్తుకొచ్చాడు. సత్రం అరుగుమీద, వేపపుల్ల నోట్లో పెట్టుకొని, కొబ్బరినూనెలో అర్దళం కలుపుతూ, "కదలకురా, హనుమంతుడికి దురద పుట్టదు" అని గదిమేవాడు. వేషం విప్పేటప్పుడు తోకకూ కిరీటానికీ విడివిడిగా దణ్ణం పెట్టించేవాడు. ఆ అరుగు ఇప్పుడు లేదు. ఆ వాసన మాత్రం ఈ అవిసెకంపును తోసుకొంటూ వచ్చింది.

"ఒక్కటి మిగిలింది," అన్నాడు ఈతామారు. "ఏడాదికి ఒక్కరోజు ప్రధానయాజకుడు అన్నిటికంటే లోపలి గదిలోకి వెళ్ళేవాడు. ఆ రోజు బంగారం విప్పేసేవాడు. వట్టి తెల్లనార కట్టుకొని వెళ్ళేవాడు. ఎందుకంటే ఒకప్పుడు మావాళ్ళు బంగారంతో దూడను చేసి మొక్కారు. తప్పు చేయించిన బంగారాన్నే ఒంటినిండా వేసుకొని క్షమించమంటే ఏం బాగుంటుంది?"

ఈలోగా సిప్పోరా దువ్విన తెల్ల అవిసెనారతో గడ్డం కట్టేసింది. బసవంతుడు ముఖంమీద ముడతలు గీసుకొని, ఆ గడ్డం అతికించుకొని, ముసలాయన చొక్కా తొడుక్కొని, పాగా చుట్టుకొన్నాడు. చేతికర్రలో సన్నని కత్తి దాచాడు. నడుం వంచి, కాస్త దగ్గి, "అమ్మా సిప్పోరా, నా చెప్పులెక్కడ?" అన్నాడు.

ఆమె నిజంగానే చెప్పులకోసం వంగబోయి, నాలిక కరుచుకొంది.

"మా యాజకులు గుడిలో చెప్పులు వేసుకొనేవారు కాదు," అన్నాడు అసలు ఈతామారు వెనకనుంచి. "ఉత్తకాళ్ళతో వెళ్ళు."

పొద్దు వాలకముందే కొలువుకూటంలో అడుగుపెట్టిన బసవంతుడికి ఒళ్ళు జలదరించింది. ఒకప్పుడు అది పగడపు స్తంభాలతో, చిప్పలు తాపిన గోడలతో, నాలుగు దిక్కులా తెరిచిన గవాక్షాల్లోంచి వచ్చే ఉప్పుగాలితో పడవలా ఊగుతున్నట్టుండేది. తండ్రితో కలిసి అక్కడ ఎన్ని వేషాలు ఆడాడో! ఇప్పుడు గవాక్షాలన్నింటికీ బూడిదరంగు దారాలు అల్లుకొన్నాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య, దీపానికీ దీపానికీ మధ్య సాలెగూళ్ళు వేలాడుతున్నాయి. ఎండ వాటిలో చిక్కుకొని నేలదాకా రావడం లేదు. జనం మాత్రం కిక్కిరిసి ఉన్నారు. తీరపు పల్లెలన్నింటినీ తీర్పు చూడడానికి తోలుకొచ్చారు.

ఎత్తైన ఆసనంమీద ఊర్ణనాభుడు. నీలపు అంగీ, దానిమీద బంగారు జరీ పైవస్త్రం, నుదుట ధగధగలాడే రేకు, మూరెడు ఎత్తు పాగా. రొమ్ముమీద పన్నెండు రాళ్ళు పన్నెండు కళ్ళలా మినుకుమంటున్నాయి. వాడి కిందమెట్టుమీద, పట్టుదారాలతో కట్టేసిన చేతులతో, రాకుమారి మేఘావళి నిలబడి ఉంది. ముఖం వడిలింది గాని తల దించలేదు.

"రా ఈతామారూ!" అన్నాడు ఊర్ణనాభుడు తేనె పూసిన గొంతుతో. "దగ్గరికి వచ్చి చూసి చెప్పు. నేను కట్టినవి మీ ప్రధానయాజకుడి వస్త్రాలే కదా?"

బసవంతుడు దగ్గుతూ, కర్ర తాటిస్తూ మెట్లెక్కాడు. రాకుమారి పక్కకు చేరాడు. ఇంకొక అడుగు వేస్తే కత్తి తీసి కట్లు కోసేయవచ్చు. సరిగ్గా అప్పుడే పతకం అతని కళ్ళకు దగ్గరగా వచ్చింది.

ఆ పచ్చరాయిని అతను గుర్తుపట్టాడు. నత్తలపాలెం రేవుది. చిన్నప్పుడు దానిమీద కూర్చొని మరమరాలు తిన్నాడు. ఆ ఎర్రరాయి గవ్వలదిన్నెది. జాతరలో తప్పిపోతే తండ్రి తనను వెతికి పట్టుకొన్నది దాని పక్కనే. ఉప్పురేవు, చుక్కానిపేట, ఒక్కొక్క రాయీ ఒక్కొక్క ఊరై కళ్ళముందు లేచింది. ప్రతి రాయిమీదా గీకిన గుర్తులు గాయాల్లా ఉన్నాయి. చేయి కర్రలోని కత్తిమీదే ఉంది గాని, నోరు వేరే దారి పట్టింది.

"చూశాను ప్రభూ," అన్నాడు ముసలి గొంతుతో. "నీలం బాగుంది. అంచున గంటలేవి?"

"అనవసరం. తరవాతి సంగతి చెప్పు."

"పాగా కొంచెం ఎత్తయింది. పోనివ్వండి. ఈ రాళ్ళమీద పేర్లేవి?"

ఊర్ణనాభుడి చేయి పతకంమీదికి వెళ్ళింది.

"మా యాజకుడు పేర్లు మోయడానికే పతకం కట్టేవాడు," అన్నాడు బసవంతుడు. గొంతు ముసలిదే, మాట మాత్రం కొలువుకూటం చివరిదాకా మోగింది. "జనం పేర్లు గుండెమీద లేనివాడు దాన్ని ఎన్నేళ్ళు కట్టుకొన్నా అది వట్టి నగే. తీర్పు చెప్పే పతకం కాదు. ప్రజలారా! ఇవి మీ ఊరిరాళ్ళు. ప్రభువుకు మీ పేర్లు తెలియవు. మీరే చెప్పండి!"

జనం భటులవైపు చూసి తలలు దించుకొన్నారు. ఊర్ణనాభుడు పకపకా నవ్వాడు. పతకం రాకుమారివైపు తిప్పాడు. రాళ్ళు నిప్పుకణికల్లా రాజుకోసాగాయి.

"ఈతామారుని!" అంటూ గుమ్మం దగ్గరనుంచి ఒక వణికే గొంతు వినిపించింది. "ఎలియాజరు కొడుకుని. వెలిముత్యం వాణ్ణి. నా పేరు కూడా మొయ్యి!"

జనం గిరుక్కున తిరిగారు. గుమ్మంలో అచ్చం అలాంటి తెల్లచొక్కాతో, ఉత్తకాళ్ళతో, మరో ఈతామారు నిలబడి ఉన్నాడు. ఆయన చేయి పట్టుకొని సిప్పోరా. పడవ ఎక్కమంటే ఆయన ఎక్కలేదు. జనం ఈ ఈతామారునూ ఆ ఈతామారునూ మార్చి మార్చి చూశారు. భటులు ఎవర్ని పట్టుకోవాలో తెలియక నిలబడిపోయారు.

పతకంలో ఒక రాయి ఆరిపోయింది. ఊర్ణనాభుడి తల కొద్దిగా ముందుకు వంగింది.

"పోలమ్మను! నత్తలపాలెం!" అని ఒక చేపలామె గంప కింద పడేసి అరిచింది. వాడి మెడ ఇంకాస్త వంగింది. "గవ్వలదిన్నె అప్పలస్వామిని!" "చుక్కానిపేట నూకాలుని, నా కొడుకు పేరు సింహాద్రి, వాణ్ణి నువ్వే చంపావు!" ఒకరి వెనక ఒకరు, ఆపైన అందరూ ఒక్కసారిగా, బతికున్నవాళ్ళ పేర్లూ పోయినవాళ్ళ పేర్లూ కేకలేశారు. ఆ చప్పుడుకు సాలెగూళ్ళన్నీ తంబురా తీగల్లా వణికి పుటపుటా తెగిపోసాగాయి. గవాక్షాల్లోంచి ఎండ లోపలికి దూకింది. ప్రతి పేరుకూ పతకం బరువెక్కుతోంది. ఊర్ణనాభుడు రెండు చేతులతో దాని గొలుసులు లాక్కొన్నాడు. రాలేదు. ఆసనంమీంచి జారి మోకాళ్ళమీద పడ్డాడు.

"తీయండి! ఎవరైనా దీన్ని తీయండి!"

బసవంతుడు ఈలోగా రాకుమారి కట్లు కోసేశాడు. "పరుగెత్తండమ్మా!" అన్నాడు తన సొంత గొంతుతో. అవిసె గడ్డం ఊడి సగం వేలాడుతోంది.

కాని మాంత్రికుడు అంత తేలిగ్గా చస్తాడా? ఏదో మంత్రం గొణిగాడు. నీలపు అంగీ నిలువునా చిరిగింది. లోపలినుంచి ఏనుగంత సాలెపురుగు, ఎనిమిది కాళ్ళమీద లేచి నిలబడింది. పతకం పెద్ద చప్పుడుతో నేలమీద పడి పలకరాళ్ళను పగలగొట్టింది. పురుగు ముందరికాళ్ళతో మేఘావళిని ఎత్తి పట్టుకొని, కప్పును చీల్చుకొని ఆకాశంలోకి దారం విసిరి, గాలివాటున పైకి లేచింది.

బసవంతుడు ఆలోచించలేదు. దాని వెనక వేలాడుతున్న మరో దారం కొసను రెండు చేతులా పట్టుకొని ఎగిరాడు.

కొలువుకూటం, కోటబురుజులు, రేవులో పడవల తెరచాపలు కాళ్ళకింద గిర్రున తిరిగాయి. గాలికి ముసలాయన పాగా విప్పుకొని తెల్లగా ఎగిరిపోయింది. దారం అతని అరచేతుల్ని కోస్తోంది. పళ్ళ మధ్య కత్తి. ఒక్కొక్క చేయి వేస్తూ పైకి పాకాడు. కింద నీలపు సముద్రం పరుచుకొంది. పురుగు దక్షిణంగా, నల్లగా లేచిన ఒంటిబండవైపు పోతోంది. సుడిగుండాలవల్ల ఆ బండ దగ్గరికి ఏ పడవా వెళ్ళదు.

"ఎవరయ్యా నువ్వు?" అని పైనుంచి రాకుమారి అరిచింది.

"తరవాత చెప్తానమ్మా! ఈత వచ్చా?"

"రేవులో పుట్టినదాన్ని!"

"అయితే ఊపిరి బిగపట్టండి!"

పైకి చేరి, ఆమెను పట్టుకొన్న కాలిమీద కత్తి దించాడు. పురుగు కీచుమని కాలు విదిల్చింది. ఇద్దరూ గింగిరాలు తిరుగుతూ వచ్చి నీళ్ళలో పడ్డారు. ఉప్పునీటి తుంపర తాకగానే పురుగు ఒళ్ళు పొగలు కక్కింది. అది గిలగిలలాడుతూ పైకి లేచి ఒంటిబండ కొనకు కరుచుకొంది.

సుడి వాళ్ళను ఒకసారి లోపలికి లాగింది. మరోసారి పైకి తేల్చింది. మూడోసారి లాగినప్పుడు బసవంతుడికి దిక్కులు తెలియలేదు. రాకుమారి చేయి మాత్రం వదల్లేదు. కళ్ళు తెరిచేసరికి ఇద్దరూ బండ అడుగున ఉన్న గుహ నోట్లో, నాచుమీద పడి ఉన్నారు.

మేఘావళి దగ్గి నీళ్ళు కక్కి, అతన్ని తేరిపార చూసింది. ముడతల గీతలు సగం కరిగాయి.

"నువ్వు వీరన్న కొడుకువి," అంది నెమ్మదిగా. "ఒకసారి ఎలుగుబంటి వేషంలో వచ్చి నన్ను ఏడిపించావు. మా నాన్న నిన్ను తిట్టబోయి తానే నవ్వేశాడు."

"ఆయన నవ్వు నాకూ గుర్తుందమ్మా."

ఆమె ఇంకేదో అనబోయి ఆగింది. చేయెత్తి, మాట్లాడవద్దన్నట్టు సైగచేసింది. గుహ లోపలినుంచి, నీళ్ళ చప్పుడు వెనకనుంచి, ఎవరో బొంగురుగా పాడుకొంటున్నారు.

"అలలమీద ఉయ్యాల, అందులోన ముత్యాల, ముత్యమా నిదరోవే..."

మేఘావళి లేచి నిలబడింది. "ఆ పాట నా చిన్నప్పటిది. మా వంశంలో అందరికీ వచ్చు. కాని 'ముత్యమా' దగ్గర శ్రుతి తప్పేది మా నాన్న ఒక్కడే."

పైన బండను గోకుతూ ఎనిమిది కాళ్ళు కిందికి దిగుతున్నాయి. పోటునీరు గుహ నోటిని సగం మూసింది. ఆమె వెనక్కి చూడలేదు. మోకాటిలోతు చీకటినీళ్ళలోకి అడుగుపెట్టి, తరవాతి చరణం అందుకొంది.

లోపల పాట చటుక్కున ఆగిపోయింది.

"ఎవరమ్మా అది?" అంది ఆ బొంగురు గొంతు. "నా పాట నీకెవరు నేర్పారు తల్లీ?"